ఇల్లు ఖాళీ చేయాలా, ఉండాలా?

(ప్రసంగం రికార్డింగు విని రాసిన పాఠం. తడబాట్లు తప్ప మరేమీ తీసేయలేదు.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు దయచేసి ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

ఈరోజు ఒకే ఒక్క ప్రశ్న గురించి మాట్లాడుకుందాం. మనం ఉండే ఏరియాలో నేరాలు పెరిగాయి అనిపిస్తోంది. ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోవాలా, ఉండాలా? ఈ ప్రశ్న నలుగుతున్న ఇళ్లలో నేను చాలాసార్లు కూర్చున్నాను. పగటిపూట ఈ మాట ఎవరూ ఎత్తరు. రాత్రి పిల్లలు పడుకున్నాక, గొంతు తగ్గించి ఒకరంటారు, "వెళ్లిపోదామా?" అని. రెండోవాళ్లు "ఎక్కడికి?" అంటారు. అక్కడితో ఆగిపోతుంది. మళ్లీ ఇంకేదో జరిగితే మళ్లీ మొదలవుతుంది. ఏళ్ల తరబడి ఇలా సగం సగం మాట్లాడుకుంటూ, ఉండీ ఉండనట్టు బతుకుతారు. ఆ స్థితి నన్ను బాధపెడుతుంది. అందుకే ఈరోజు ఇక్కడికి వచ్చాను.

నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. ఏరియా పేరు చూసి నిర్ణయం తీసుకోకండి. మీ వీధిని చూడండి, మీ ఇంట్లో మనుషుల్ని చూడండి, వాళ్లు ఏ వేళల్లో బయట తిరుగుతారో చూడండి. పేరు చూసి వెళ్లిపోయినవాళ్లూ నష్టపోయారు, పేరు చూసి పర్వాలేదులే అని ఉండిపోయినవాళ్లూ నష్టపోయారు.

ఎందుకంటున్నానో చెబుతాను. అమెరికాలో మినియాపొలిస్ అనే నగరం ఉంది. లారెన్స్ షెర్మన్ అనే నేరశాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు కలిసి ఆ నగరంలో పోలీసులకు ఒక ఏడాదిలో వచ్చిన 3 లక్షల పైచిలుకు ఫోన్ కాల్స్‌ని అడ్రసుల వారీగా విడదీశారు. 1989లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. సగం కాల్స్ ఎన్ని చోట్ల నుంచి వచ్చాయనుకుంటున్నారు? నగరంలో ఉన్న మొత్తం అడ్రసుల్లో 3 శాతం చోట్ల నుంచి. 3 శాతం! ఆ తర్వాత డేవిడ్ వైస్‌బర్డ్ అనే ఆయన సియాటిల్‌లో 14 ఏళ్ల లెక్కలు తీశారు. వీధిని ఒక మలుపు నుంచి ఇంకో మలుపు దాకా ఒక ముక్క అనుకుని చూస్తే, నగరంలో సగం నేరాలు దాదాపు 5 శాతం ముక్కల్లోనే జరుగుతున్నాయి. ఒక ఏడాది కాదు, ఏడాది వెంట ఏడాది అంతే. ఇంకో సంగతి కూడా బయటపడింది. చెడ్డపేరు ఉన్న పేటలో కూడా ఎక్కువ వీధులు ప్రశాంతంగానే ఉన్నాయి. గొడవల వీధి పక్కనే ఏ గొడవా లేని వీధి ఉంది.

అంటే ఏమిటి? "ఆ ఏరియా డేంజర్" అన్నమాటలో ఎంతో దాగిపోతుంది. ఆ బార్ ముందు, ఆ బస్టాప్ దగ్గర, ఆ పాడుబడ్డ బిల్డింగ్ చుట్టూ, రాత్రి తొమ్మిది తర్వాత. అసలు విషయం అక్కడ ఉంది. అదే ఏరియాలో నాలుగు మలుపుల అవతల ఇల్లు చూసుకుంటే పిల్లల స్కూలు మారదు, ఉద్యోగానికి వెళ్లే దారి మారదు, పెద్దవాళ్లు చూపించుకునే డాక్టరు మారరు. ఇల్లు మారడం అనగానే మనకు ఊరవతలకి పోవడమే గుర్తొస్తుంది. రెండు వీధుల అవతలకి మారడం ఎవరికీ తట్టదు. దయచేసి దాన్ని కూడా లెక్కలోకి తీసుకోండి.

ఇంకొకటి, ఏ రకం నేరం? ఒక హత్య జరిగిందని వింటాం. గుండె ఝల్లుమంటుంది. ఝల్లుమనాలి కూడా, ఒక మనిషి పోయారు. కానీ ఇంటి గురించి నిర్ణయం తీసుకునేటప్పుడు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. చంపినవాళ్లకీ చనిపోయినవాళ్లకీ ముందునుంచి తగాదా ఉందా? దారినపోయేవాళ్ల మీద జరిగిందా? హింసలో చాలా భాగం ఒకరినొకరు ఎరిగినవాళ్ల మధ్యే జరుగుతుంది. ఆ తగాదాతో మీకు సంబంధం లేకపోతే, ఆ వార్త వల్ల మీకున్న ముప్పు పెద్దగా మారదు. అదే, మీ ఇంటి మలుపులో నెలలో మూడుసార్లు ఫోన్లు లాక్కుని పోయారనుకోండి. అది పేపర్లో రాదు. కానీ అది నేరుగా మీకు సంబంధించిన విషయం.

ఇప్పుడు భయం గురించి. అమెరికాలో 1993 నుంచి 2019 వరకు హింసాత్మక నేరాల రేటు, అక్కడి ఎఫ్‌బీఐ లెక్కల ప్రకారమే, దాదాపు సగానికి పడిపోయింది. ఆ కాలంలో గాలప్ అనే సర్వే సంస్థ దాదాపు ఏటా జనాన్ని అడుగుతూ వచ్చింది, నిరుటికన్నా నేరాలు పెరిగాయా అని. చాలా సంవత్సరాల్లో సగం మందికి పైగా "పెరిగాయి" అనే చెప్పారు. తగ్గుతున్నా పెరిగాయనే అనిపించింది. మన ఫోన్లలో ఏం జరుగుతోందో చూడండి. ఒక దొంగతనం గురించి ఐదు గ్రూపుల్లో ఐదుగురు పంపిస్తారు. పాత కెమెరా వీడియో ఒకటి ఎవరో మళ్లీ తిప్పుతారు. సాయంత్రానికి మన మనసులో ఆరు దొంగతనాలు.

అయితే, దయచేసి ఇక్కడ నన్ను సరిగ్గా అర్థం చేసుకోండి. "మీ భయం ఉత్తిదే, లెక్కలు చూసుకోండి" అని చెప్పడానికి నేను రాలేదు. అలా చెప్పేవాళ్ల మీద నాకు కోపం. భయం కూడా నష్టమే. నిద్ర పోతుంది. సాయంత్రం నడక పోతుంది. పిల్లలు కిటికీ దగ్గర కూర్చుని బయటికి చూస్తూ ఉంటారు. పాట్రిక్ షార్కీ అనే సామాజిక శాస్త్రవేత్త 2010లో షికాగో పిల్లల మీద చేసిన అధ్యయనం ఒకటి అచ్చయింది. ఇంటి దగ్గర్లో హత్య జరిగిన వారం లోపల పరీక్ష రాసిన నల్లజాతి పిల్లలకు, చదవడంలోనూ పదాల్లోనూ మార్కులు తగ్గాయి. ఆ పిల్లలు హత్యను చూశారా లేదా అన్నదానితో పనిలేదు. దగ్గర్లో జరిగితే చాలు, మార్కులు తగ్గాయి. కాబట్టి "మనకేం జరగలేదు కదా" అని ఇంట్లో ఎవరైనా అంటే, ఆ మాట అక్కడితో సరిపోదు. ఇంట్లో ఎవరు సరిగ్గా నిద్రపోవడం లేదో అడగండి.

భయం గురించి ఇంకో చేదు మాట కూడా చెప్పాలి. షికాగోలోనే రాబర్ట్ సాంప్సన్, స్టీఫెన్ రాడెన్‌బుష్ అనే పరిశోధకులు వీధుల్ని వీడియో తీయించారు. చెత్త, గోడల మీద రాతలు, ఖాళీ సీసాలు, అన్నీ లెక్కపెట్టించారు. తర్వాత అక్కడి జనాన్ని, మీ చుట్టూ ఎంత అస్తవ్యస్తంగా ఉంది అని అడిగారు. 2004లో వచ్చిన ఫలితం ఏమిటంటే, పేదవాళ్లు, నల్లజాతివాళ్లు ఎక్కువగా ఉన్నచోట, కెమెరాకు కనబడినదానికన్నా ఎక్కువ అస్తవ్యస్తం జనానికి కనబడింది. ఇలా చూసింది తెల్లవాళ్లు మాత్రమే కాదు, నల్లవాళ్లు కూడా అలాగే చూశారు. మనం భయపడుతున్నది జరిగిన నేరానికా, కొత్తగా వచ్చిన మనుషులకా? వాళ్ల భాష, వాళ్ల బట్టలు, వాళ్ల పేదరికం చూసి భయపడుతున్నామా? నిర్ణయానికి ముందు ఈ ప్రశ్న వేసుకోకపోతే, రేపు కొత్త ఏరియాకి కూడా వాళ్లలాంటివాళ్లు వస్తారు, మళ్లీ మూటాముల్లె సర్దుకోవాల్సి వస్తుంది.

సరే. ఇప్పుడు ఇంట్లో దొంగలు పడ్డారనుకుందాం. మన ఇంట్లోనే. తాళం విరిగి ఉంది, బీరువా తలుపులు తెరిచి ఉన్నాయి, బట్టలన్నీ నేలమీద. పోయిన వస్తువు కన్నా, మన బట్టల మీద ఎవరో తెలియనివాళ్ల చేతులు పడ్డాయన్న బాధే పెద్దది. చాలామంది ఆ వారంలోనే ఇల్లు ఖాళీ చేయాలని నిశ్చయించుకుంటారు. ఆ వారం గురించి రెండు మాటలు చెప్పాలి, రెండూ ముఖ్యమే.

మొదటిది, ఆ వారంలో మీ భయం భ్రమ కాదు. ఒకసారి దొంగలు పడ్డ ఇంట్లో మళ్లీ పడే అవకాశం, ఎన్నడూ పడని ఇంటికన్నా ఎక్కువ. అది కూడా మొదటి కొన్ని వారాల్లోనే బాగా ఎక్కువ. పక్క ఇళ్లకూ కొంత ముప్పు పెరుగుతుంది. ఎందుకంటే వచ్చినవాళ్లకు ఇప్పుడు లోపలి దారులు తెలుసు, విరిగిన తలుపు ఇంకా బాగుచేయించలేదని తెలుసు, పోయిన టీవీ చోట కొత్త టీవీ వస్తుందనీ తెలుసు. రెండోది, ఆ ముప్పు రోజులు గడిచేకొద్దీ తగ్గుతూ వస్తుంది. అంటే అందరికన్నా ఎక్కువ భయపడే వారంలో, ఏళ్ల పాటు అనుభవించాల్సిన నిర్ణయం తీసుకుంటున్నాం. కాబట్టి ఆ వారంలో తలుపు బాగుచేయించండి. ఆ రోజే, రేపు కాదు. కిటికీ గొళ్లాలు చూడండి. రాత్రిళ్లు ఉండలేకపోతే బంధువుల ఇంట్లో ఉండి రండి, తప్పేమీ లేదు. ఇల్లు అమ్మే సంగతి, అగ్రిమెంటు రద్దు చేసే సంగతి మాత్రం ఆ వారంలో తేల్చకండి.

ఇది గాలి మాట కాదు. ఇంగ్లండ్‌లో రోచ్‌డేల్ పట్టణంలో కిర్క్‌హోల్ట్ అనే కాలనీ ఉంది. 1980ల్లో అక్కడ ఇళ్ల దొంగతనాలు విపరీతంగా ఉండేవి. కెన్ పీజ్ అనే నేరశాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు ఏం చేశారంటే, కాలనీ మొత్తానికి కాపలా పెట్టలేదు. దొంగలు పడ్డ ఇంటి మీదే దృష్టి పెట్టారు. అక్కడి ఇళ్లలో నాణేలు వేస్తే కరెంటు, గ్యాసు వచ్చే మీటర్లు ఉండేవి, వాటిలో డబ్బు నిండి ఉండేది. దొంగలకు అదే ఎర. వాటిని తీయించేశారు. తలుపులు, కిటికీలు గట్టి చేయించారు. చుట్టూ ఉన్న ఐదారు ఇళ్లవాళ్లను అడిగారు, ఈ ఇంటిమీద ఒక కన్నేసి ఉంచండి అని. అంతే. మూడేళ్లలో దొంగతనాలు 75 శాతం తగ్గాయి. ఐదారు ఇళ్లవాళ్లు, గుర్తుపెట్టుకోండి. మన దగ్గర దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు, ఎప్పుడో ఒక మీటింగు పెట్టి కమిటీ వేస్తాం. కావలసింది కమిటీ కాదు. ఆ రాత్రికే పక్కింటివాళ్ల ఫోన్ నంబర్లు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. వెళ్లిపోతే బాగుపడతామా? దీనికి అందరూ ఊహించి చెప్పేవాళ్లే. కానీ ఒకచోట నిజంగానే పరీక్షించి చూశారు. 1994లో అమెరికా ప్రభుత్వం "మూవింగ్ టు ఆపర్చునిటీ" అని ఒక ప్రయోగం మొదలుపెట్టింది. బాల్టిమోర్, బోస్టన్, షికాగో, లాస్ ఏంజెలెస్, న్యూయార్క్. ఈ ఐదు నగరాల్లో ప్రభుత్వ ఇళ్లలో ఉండే దాదాపు 4,600 పేద కుటుంబాలు చేరాయి. ఎందుకు వెళ్లాలనుకుంటున్నారని అడిగితే, నాలుగింట మూడు వంతుల మంది ముఖ్యంగా చెప్పిన కారణం గ్యాంగులు, మత్తుమందులు. ఉద్యోగం కోసం కాదు, మంచి ఇంటి కోసం కాదు. లాటరీ తీశారు. గెలిచినవాళ్లలో ఒక వర్గానికి, పేదరికం తక్కువ ఉన్న పేటల్లో మాత్రమే అద్దెకు వాడుకునేలా సాయం ఇచ్చారు.

ముందు ఒక విషయం. అద్దెకు సాయం చేతిలో ఉండి కూడా, ఆ వర్గంలో దాదాపు సగం మందే మారగలిగారు. ఇల్లు దొరకాలి, ఓనరు ఒప్పుకోవాలి, ఇచ్చిన గడువులో దొరకాలి. "అంత భయమైతే వెళ్లిపోవచ్చుగా" అని తేలిగ్గా అనేవాళ్లు ఈ ముక్క వినాలి.

మారినవాళ్లకు ఏమైంది? పది, పదిహేనేళ్ల తర్వాత చూశారు. తల్లుల ఆదాయం పెరగలేదు. కానీ వాళ్ల మనసు కుదుటపడింది, దిగులు తగ్గింది. విపరీతమైన ఊబకాయం, షుగరు కూడా తగ్గాయి. ఆడపిల్లలకు మంచి జరిగింది. వీధిలో వేధింపులు తగ్గడం దానికి ఒక కారణమని పరిశోధకులు అన్నారు. మగపిల్లలకు? మగపిల్లలకు మంచి జరగలేదు. కొందరిలో కుంగుబాటు, ఆందోళన పెరిగాయి కూడా. కొత్తచోట కలవలేకపోయారు, పాత స్నేహితులు దూరమయ్యారు. తర్వాత రాజ్ చెట్టి అనే ఆర్థికవేత్త, ఆయన తోటివాళ్లు అదే పిల్లలు పెద్దయ్యాక సంపాదన చూశారు. 13 ఏళ్లు రాకముందే మారిన పిల్లలు పెద్దయ్యాక, లాటరీలో గెలవని కుటుంబాల పిల్లలకన్నా 31 శాతం ఎక్కువ సంపాదించారు. 13 దాటాక మారినవాళ్లకు లాభం లేదు, కొంచెం నష్టం కూడా కనబడింది.

ఇది వింటే నాకు ఏమనిపిస్తుందంటే, "మా కుటుంబానికి మంచిదా" అనే ప్రశ్నే సరిపోదు. ఇంట్లో ఎవరికి? ఆరేళ్ల పాపకు ఒక జవాబు, పదిహేనేళ్ల అబ్బాయికి ఇంకో జవాబు. పదిహేనేళ్ల అబ్బాయిని అడగకుండా, ఒకరోజు స్కూలు నుంచి వచ్చేసరికి సామాన్లు సర్దేసి ఉంచడం అన్యాయం. వాడికి ఈ ఏరియాలో ప్రమాదం ఎక్కడుందో మనకన్నా వాడికే ఎక్కువ తెలుసు. ఏ దారిన వెళ్లకూడదో, ఎవరితో కళ్లు కలపకూడదో వాడికి తెలుసు. అడగండి, చెబుతాడు.

వెళ్లబోయే చోటు గురించి కూడా ఒక మాట. దూరపు కొండలు నునుపు. ఆదివారం పగలు ఇల్లు చూసి అడ్వాన్స్ ఇచ్చేస్తాం. పనిదినం రాత్రి తొమ్మిదిన్నరకు అక్కడికి వెళ్లండి. బస్సు దిగి ఇంటిదాకా నడవండి. వీధిలైట్లు ఎన్ని వెలుగుతున్నాయో చూడండి. దూరం పెరిగితే రోజూ రోడ్డు మీద గడిపే సమయం పెరుగుతుంది, అదీ ప్రమాదమే. 2021లో ప్రపంచం మొత్తంలో హత్యలకు గురైనవాళ్లు దాదాపు 4 లక్షల 58 వేల మంది. అదే ఏడాది రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లు దాదాపు 11 లక్షల 90 వేల మంది. హత్య భయంతో వెళ్లి, రోజుకు రెండు గంటలు హైవే మీద బండి నడుపుతున్నామంటే, లెక్క ఎటు మొగ్గిందో చూసుకోవాలి.

ఇక ఉండాలనుకుంటే? ఊరికే పళ్లు బిగబట్టి ఉండమనడం లేదు. షికాగోలో 343 పేటల్లో 8,782 మందిని అడిగి, 1997లో ఒక పరిశోధన అచ్చువేశారు. బడి ఎగ్గొట్టి పిల్లలు వీధి మలుపులో తిరుగుతుంటే మీ చుట్టుపక్కలవాళ్లు ఏమైనా అంటారా, ఇలాంటి ప్రశ్నలు. "అంటారు" అని జవాబు వచ్చిన పేటల్లో, పేదరికం అంతే ఉన్నా హింస తక్కువగా ఉంది. ఫిలడెల్ఫియాలో 541 ఖాళీ స్థలాలు తీసుకుని, కొన్నింటిలో చెత్త ఎత్తించి, గడ్డి, నాలుగు చెట్లు వేసి, చుట్టూ చిన్న కంచె కట్టారు. బాగా పేద పేటల్లో ఆ స్థలాల చుట్టుపక్కల తుపాకీ హింస 29 శాతం తగ్గింది. న్యూయార్క్ ప్రభుత్వ ఇళ్ల మధ్య పెద్ద లైట్లు పెడితే, రాత్రిపూట ఆరుబయట జరిగే తీవ్రమైన నేరాలు 36 శాతం తగ్గాయి. ఇవేవీ గొప్ప పనులు కావు. చెత్త ఎత్తడం, లైటు పెట్టడం. అర్జీ ఒక్కరు పెడితే కదలని ఆఫీసు, ముప్పై సంతకాలు చూస్తే కదలవచ్చు. ఒక గడువు పెట్టుకోండి. ఆర్నెల్లు చూద్దాం, ఇంతమందిమి ఇది చేద్దాం, అప్పటికీ ఇలాగే ఉంటే వెళ్లిపోదాం అని. గడువు ఉంటే రాత్రిపూట ఆ గుసగుసలు ఆగుతాయి.

కానీ కొన్ని చోట్ల గడువు పెట్టకూడదు. మిమ్మల్నే పేరుపెట్టి బెదిరించారా? పోలీసులకు చెప్పండి, ఆపై వెళ్లండి, కొత్త అడ్రసు ఎవరికీ ఇవ్వకండి. గ్యాంగువాళ్లు మీ పిల్లవాడికి చిన్న చిన్న పనులు చెప్పి డబ్బులు ఇస్తున్నారా? వాడికి పదకొండేళ్లయినా పదిహేనేళ్లయినా వెళ్లండి. ఇంట్లో ఒక మనిషి నెలల తరబడి నిద్రపోవడం లేదా? వెళ్లండి. "అందరూ వెళ్లిపోతే ఎలా, ఉండి పోరాడాలి" అని ఎవరైనా అంటే, మీ బిడ్డను పెట్టి పోరాడమనే హక్కు వాళ్లకు లేదని చెప్పండి.

నిజమే, వెళ్లిపోవడం వల్ల మిగిలినవాళ్లకు నష్టం ఉంది. పిల్లలున్నవాళ్లు, చదువుకున్నవాళ్లు ముందు వెళ్లిపోతారని కల్లెన్, లెవిట్ అనే ఆర్థికవేత్తలు 1999లో చూపించారు. అర్జీలు రాసేవాళ్లు, మీటింగులకు వచ్చేవాళ్లు ఎక్కువగా వాళ్లే. ఆ నష్టం నిజం. దాన్ని పూడ్చాల్సింది నగరపాలక సంస్థ, పోలీసు శాఖ. ఆ బరువంతా ఒక తల్లి నెత్తిన పెట్టకూడదు.

మీ ప్రశ్నలు ఏమైనా ఉంటే అడగండి. చెప్పమ్మా, మీరు.

(ఒకావిడ: మేము వెళ్లిపోవాలని నిశ్చయించుకున్నాం. మా అత్తగారు మాత్రం రానంటున్నారు. ఈ ఇంట్లోనే ఉంటాను, నన్ను ఎవరేం చేస్తారు అంటున్నారు. ఏం చేయాలి?)

చాలా ఇళ్లలో ఉన్న సమస్యే అమ్మా ఇది. ఆవిడకు భయం లేదనుకోకండి. ఈ వీధిలో ఆవిడను పేరుపెట్టి పిలిచేవాళ్లు ఉన్నారు. అరుగు మీద కూర్చుంటే నలుగురు పలకరిస్తారు. కొత్తచోట ఆవిడ ఎవరికీ తెలియదు, తలుపు వేసుకుని రోజంతా ఒక్కరే ఉండాలి. ఆవిడ భయం అది. కాబట్టి నేరాల సంగతులు చెప్పి ఒప్పించాలని చూడకండి, అవి ఆవిడకూ తెలుసు. ఇల్లు ఖాయం చేయకముందే ఆవిడను అక్కడికి తీసుకెళ్లండి. ఒకసారి చూపించి తీసుకురావడం కాదు, పగలంతా ఆ వీధిలో ఉండండి. పక్కింటివాళ్లతో మాట్లాడించండి. వీలైతే గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లే చూడండి. ఇక్కడ ఆవిడతో రోజూ మాట్లాడేవాళ్లు ఎవరో అడిగి, వాళ్ల నంబర్లు ఆవిడ ఫోన్లో మీరే సేవ్ చేసి పెట్టండి. నెలకోసారి ఇక్కడికి తీసుకొస్తామని మాట ఇవ్వండి, ఇచ్చాక తప్పకండి. అప్పటికీ రానంటే, ఈ ఇంటికి దగ్గర్లోనే, ఇందాక చెప్పాను చూడండి, నాలుగు మలుపుల అవతల, అక్కడ ఏదైనా ఇల్లు ఉందేమో ముందు వెతకండి.